బైలు గడి

బులవాయోలో అక్టోబరు ఎండ
జకరండా పూలను రాల్చదు, ఉడకబెడుతుంది.
స్కోరర్ల గదికి ఇప్పటికీ ఫ్యాను లేదు.
ముప్పయ్యేళ్లుగా ఇక్కడే కూర్చుని
మగవాళ్ల మధ్యాహ్నాలను గళ్లలో నింపుతున్నాను.

జెంజో మసూకు పేరు మొదటిసారి రాసేటప్పుడు
అక్షరాలు సరిచూసుకోడానికి మెట్లు దిగి వెళ్లాను.
పందొమ్మిదేళ్లవాడు. అరువు గ్లవ్స్.
"ఎలా రాసినా పరవాలేదమ్మా,
కొట్టెయ్యకపోతే చాలు" అన్నాడు.

తర్వాత పదకొండు టెస్టులు.
క్యాచ్‌లు ముప్పై ఒకటి, స్టంపింగులు నాలుగు.
కీపరు పనిలో తిరకాసు ఇదీ:
బాగా చేసిన రోజు పుస్తకంలో ఏమీ మిగలదు.
బైలు అనే గడిలో ఒక సున్నా.
దాన్ని ఎవరూ చదవరు.
పొద్దుటి నుంచి సాయంత్రం దాకా
ఐదొందల గుంజీళ్లు తీసిన మనిషికి
అదే జీతం.

అసలు జీతం సంగతి చెప్పనా?
నోటు మీద సున్నాలు లెక్కపెట్టలేని ఏడాది అది.
హరారేలో నాలుగు రోజులు ఆడిన డబ్బు
బస్సెక్కి ఇక్కడికి చేరేలోపు
అర రొట్టెకి దిగింది.
వాళ్లమ్మ ఆ నోట్లను కిటికీ సందుల్లో కుక్కింది,
జూన్ గాలి లోపలికి రాకుండా.

జారవిడిచిన క్యాచ్‌కి నా పుస్తకంలో గడి లేదు.
అయినా ఒకటుంది.
అవతలివాడు తొమ్మిది మీద ఉన్నాడు.
అంచు తాకిన బంతి నేరుగా వచ్చింది,
అమ్మ చేత్తో పెట్టే ఇసిచ్వాలా ముద్దంత తేలిగ్గా.
బొటనవేలికి తగిలి నేలపాలైంది.
వాడు రెండొందల పన్నెండు కొట్టాడు.
వేలు విరిగిందని మర్నాడు తెలిసింది.
ఆ బంతికి ముందా, ఆ బంతికేనా,
అతను చెప్పలేదు. ఎవరూ అడగలేదు.
నేను పేజీ అంచున పెన్సిలుతో ఒక చుక్క పెట్టాను.
తర్వాతి జట్టులో అతని పేరు లేదు.
కొట్టెయ్యలేదు.
రాయలేదంతే.

ఫ్రాన్సిస్‌టౌన్‌లో టైర్లు అమ్ముతున్నాడని విన్నాను.
తొమ్మిదేళ్లకి మనిషి తిరిగొచ్చాడు, మోకాళ్లు రాలేదు.
ఇప్పుడు మకొకొబా పిల్లలకి కోచ్.
వేళ్లు నోట్లో పెట్టి ఈల వేయలేడు,
ఒక్కో వేలు ఒక్కో ఊరికి దారి చూపిస్తుంది.
చప్పట్లు కొడితే
తడిబట్ట బండకేసి బాదినట్టుంటుంది.
పాత గోడకి టెన్నిస్ బంతి విసిరి
"పట్టుకోవద్దు, రానివ్వండి" అంటాడు.
ఆ మాట పిల్లలకు అర్థమవడానికి ఏడాది పట్టింది.
నాకింకా కాలేదు.

మొన్న స్కూళ్ల ఫైనల్లో
సిథాబిలే అనే పన్నెండేళ్ల పిల్ల
ఒకటి వదిలేసి, మ్యాచ్ అయ్యాక
గ్లవ్స్ విప్పి గడ్డిలోకి విసిరికొట్టింది.
జెంజో ఏమీ అనలేదు.
నా గదికి వచ్చాడు, ప్రతి మెట్టు మీదా ఆగుతూ.
పాత పుస్తకం అడిగాడు.
పేజీ నంబరు కూడా తనే చెప్పాడు.
అంటే ఇన్నాళ్లూ తెలుసన్నమాట.
రబ్బరు అందించబోయాను. తీసుకోలేదు.

పుస్తకం కిందికి మోసుకెళ్లి
ఆ పిల్ల ఒళ్లో తెరిచిపెట్టాడు.
అది పేజీని ఎండకేసి తిప్పి, కళ్లు చికిలించి
"ఏదీ? ఈ ఈగమచ్చేనా?" అంది.
జెంజో నవ్వడం వినబడింది.
పదకొండు టెస్టుల్లో
ఒక్కసారి కూడా వినని చప్పుడు.

ఆరింటికి కరెంటు పోయింది, మామూలే.
అందరూ వెళ్లిపోయాక కూడా
నెట్స్ వైపు నుంచి బంతి వస్తూనే ఉంది.
మనుషులు కనబడరు.
తోలు మీద తోలు ఆనిన మెత్తటి చప్పుడు,
కాసేపాగి ఇంకొకటి,
మధ్యలో ఒకటి గోడకి తగిలి దొర్లిపోవడం,
"రానివ్వు" అని ఓ గొంతు.

కొవ్వొత్తి వెలిగించి
ఆ రోజు లెక్క పూర్తి చేశాను.
బైలు: మూడు.
పెన్సిలు చెక్కి పక్కన పెట్టాను.
అంచులో ఏమీ పెట్టలేదు.